గాలిని లెక్కలోకి తెస్తే

పైనుంచి పడే రాయి మీద లెక్క ఏ ఫిజిక్స్ పుస్తకంలో ఉన్నా, దాని తోకకు ఒక మాట వేలాడుతూ ఉంటుంది: గాలి నిరోధాన్ని ఉపేక్షించండి. రాయి వరకు సరే. ఇదే సలహాను వాన చినుకు విషయంలో పాటించి చూడండి. రెండు కిలోమీటర్ల ఎత్తున ఉన్న మేఘంలోంచి ఒక చినుకు జారింది. గాలిని వదిలేసి లెక్క కడితే, నేలకు చేరేసరికి దాని వేగం సెకనుకు 198 మీటర్లు. గంటకు 700 కిలోమీటర్ల పైమాటే. ఆ వేగంతో విజయవాడలో బయల్దేరితే పాతిక నిమిషాల్లోపే హైదరాబాద్‌లో ఉంటాం. కానీ శ్రావణమాసంలో మన నెత్తిన టపటపా పడే లావుపాటి చినుకు అసలు వేగం గంటకు 33 కిలోమీటర్లు. వీధిలో స్కూటర్ పోయే వేగం. మిగిలిన 680 కిలోమీటర్లను మింగేసింది గాలి. ఉపేక్షించమన్నది దాన్నే.

గాలే లేకుంటే చినుకులు బుల్లెట్లలా దిగేవని కొందరు రాస్తుంటారు. అది కాస్త అతిశయోక్తి. 5 మిల్లీమీటర్ల చినుకు బరువు 65 మిల్లీగ్రాములే. 700 కిలోమీటర్ల వేగంతో వచ్చినా దాని శక్తి ఒక జౌలు చిల్లర. ప్రాణం తీయదు. కాకపోతే ఇప్పుడున్న దెబ్బకు దాదాపు ఐదు వందల రెట్లు. అలాంటివి లక్షల కొద్దీ పడితే వరి నారుమడిలో ఏం మిగులుతుందో రైతును అడగాలి.

ముందు భూమి సంగతి చూద్దాం. భూమి లాగుడుకు వస్తువు వేగం సెకను సెకనుకూ 9.8 మీటర్ల చొప్పున పెరుగుతుంది. హైదరాబాద్‌లో కచ్చితంగా చెప్పాలంటే 9.78, ధ్రువాల దగ్గర 9.83. ఒక సెకను గడిచేసరికి గంటకు 35 కిలోమీటర్ల వేగం, రెండో సెకనుకు 70, మూడో సెకనుకు 105 దాటుతుంది. ఇందులో బరువు ఊసే లేదు. పది కిలోల గుండును భూమి కిలో గుండు కంటే పది రెట్లు బలంగా లాగే మాట నిజమే. కానీ దాన్ని కదిలించడానికీ పది రెట్లు బలం కావాలి. రెండూ సరిసమానంగా కొట్టుకుపోతాయి.

ఈ చిన్న సంగతి తేలడానికి రెండు వేల ఏళ్లు పట్టింది. బరువైనది త్వరగా పడుతుందని అరిస్టాటిల్ అన్నాడు, లోకం నమ్మింది. కళ్లెదుట కనిపించేదీ అదే కదా! రాయి ముందు, ఆకు వెనక. నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లో సైమన్ స్టెవిన్ అనే ఇంజినీరు రెండు సీసపు గుళ్లు తీసుకున్నాడు. ఒకటి రెండోదానికి పదింతల బరువు. ముప్పై అడుగుల ఎత్తునుంచి రెంటినీ ఒకేసారి కింద చెక్క మీదికి వదిలాడు. చూపు మోసం చేయొచ్చుగానీ చెవి తేల్చేస్తుందని ఆయన ఎత్తు. రెండు చప్పుళ్లు ఒకే చప్పుడుగా వినిపించాయి. 1586లో ఆ సంగతి అచ్చువేశాడు. అందరికీ తెలిసిన పీసా వాలుగోపురం కథ మాత్రం గెలీలియో శిష్యుడు వివియానీ చెప్పింది. గెలీలియో స్వయంగా ఎక్కడా రాసుకోలేదు.

గెలీలియో 1638లో అచ్చయిన తన చివరి పుస్తకంలో చెప్పిన ఒక మాట నాకు ఆ గోపురం కథ కంటే ఎక్కువ ఇష్టం. నూరు మూరల ఎత్తునుంచి వంద పౌన్ల గుండును, ఒక పౌను గుండును కలిపి వదిలితే పెద్దది రెండు వేళ్ల మందం ముందు ఉంటుందంటాడు. అరిస్టాటిల్ లెక్క ప్రకారం చిన్నది అప్పటికి ఒక్క మూరే దిగి ఉండాలి; ఆ తొంభై తొమ్మిది మూరల తప్పును వదిలేసి నా రెండు వేళ్ల తేడాను పట్టుకుని వేలాడకండి అన్నది ఆయన వాదన. వాదన గట్టిదే. కొలత మాత్రం అంత నికరం కాదు. ఈనాటి సూత్రాలతో లెక్కిస్తే ఆ తేడా రెండు వేళ్లు కాదు, ఇంచుమించు మీటరు వస్తుంది. పెద్దాయన గాలికి కొంచెం తక్కువ విలువ కట్టాడు.

ఇప్పుడు గాలి సంగతి. ఒక నోటుపుస్తకం, దానికంటే కొంచెం చిన్నదిగా కత్తిరించిన కాగితం ముక్క తీసుకోండి. రెంటినీ పక్కపక్కనే, అడ్డంగా పట్టుకుని ఒకేసారి వదలండి. పుస్తకం దభీమని పడుతుంది, కాగితం ఊగుతూ తూగుతూ దిగుతుంది. ఈసారి కాగితాన్ని పుస్తకం పైన పరచి పుస్తకాన్ని వదలండి. రెండూ కలిసే పడతాయి. అంటించలేదు, అదిమి పట్టలేదు. కాగితం బరువు ఇందాకటంతే. తేడా ఒక్కటే: ఇప్పుడు ఎదురు వచ్చే గాలిని పుస్తకం తోసుకుంటూ వెళుతోంది, కాగితానికి ఆ పని తప్పింది. అదే కాగితాన్ని ఉండచుట్టి వదిలినా దాదాపు రాయిలాగే పడుతుంది. అంటే ఆలస్యానికి కారణం తేలికదనం ఒక్కటే కాదు, ఆ కాస్త బరువుకు గాలిని తోయాల్సిన విస్తీర్ణం ఎంత అన్నది. ఏడో తరగతి పిల్లలకు బోర్డు మీద ఎన్ని బొమ్మలు గీసినా రాని నమ్మకం ఈ ఒక్క ప్రయోగంతో వస్తుంది. ఖర్చు కూడా లేదు.

గాలి అడ్డు ఎంతన్నది నాలుగు విషయాల మీద ఆధారపడుతుంది: వస్తువు ముందుభాగం వైశాల్యం, ఆకారం, గాలి సాంద్రత, వేగం. వీటిలో వేగానిది ప్రత్యేకమైన పద్ధతి. రెట్టింపు వేగానికి అడ్డు రెట్టింపు కాదు, నాలుగు రెట్లు. మూడింతల వేగానికి తొమ్మిది రెట్లు. ఎందుకంటే రెట్టింపు వేగంతో పడే వస్తువు సెకనుకు రెట్టింపు గాలిని ఢీకొంటుంది, ఆ గాలిని రెట్టింపు జోరుగా పక్కకు నెడుతుంది. భూమి లాగుడేమో ఎప్పుడూ ఒక్కలాగే ఉంటుంది. ఒకటి నిలకడ, రెండోది పెరుగుతూ పోయేది. ఎక్కడో ఒకచోట రెండూ సమానం కాక తప్పదు. ఆ క్షణం నుంచి వేగం ఇక పెరగదు, అదే వేగంతో వస్తువు దిగుతూ ఉంటుంది. దీన్నే చరమ వేగం అంటారు. రెండు బలాలూ సమానమైతే వస్తువు గాల్లో ఆగిపోవాలి కదా అని చాలామంది విద్యార్థులు అనుకుంటారు. ఆగదు. ఆగేది వేగం పెరగడమే, ప్రయాణం కాదు.

అయితే ఆ వేగం అందుకోవడానికి తగినంత దూరం కావాలి. కోనసీమలో 15 మీటర్ల కొబ్బరిచెట్టు నుంచి కిలోన్నర కాయ రాలిందనుకోండి. రెండు సెకన్లు కూడా గడవకముందే నేల మీద ఉంటుంది. గాలి లేకుంటే దాని వేగం గంటకు 62 కిలోమీటర్లు, గాలి ఉన్నందుకు 59. కాయ దగ్గర గాలి వసూలు చేసుకున్న సుంకం మూడు కిలోమీటర్లే. దాని చరమ వేగం గంటకు 140 పైన ఉంటుంది, అంత వేగం అందుకునేంత ఎత్తు ఏ కొబ్బరిచెట్టుకూ లేదు. కాబట్టి కాయ విషయంలో పాఠ్యపుస్తకం చెప్పింది నిజమే, గాలిని వదిలేయొచ్చు. రెండు కిలోమీటర్ల నుంచి దిగిన చినుకు కంటే పదిహేను మీటర్ల నుంచి రాలిన కాయ దెబ్బ డెబ్బై వేల రెట్లు ఎక్కువ. దింపు తీసేటప్పుడు చెట్టు కింద ఎవరినీ నిలబడనివ్వకపోవడం ఊరికే కాదు.

మళ్లీ చినుకు దగ్గరికి వద్దాం. నిజమైన వింతలన్నీ అక్కడే ఉన్నాయి.

మేఘంలో ఉండే నీటి బిందువు వ్యాసం మిల్లీమీటరులో యాభయ్యో వంతు. దాని చరమ వేగం సెకనుకు సుమారు ఒక సెంటీమీటరు. రెండు కిలోమీటర్లు దిగాలంటే మధ్యలో ఆవిరైపోకుండా ఉన్నా రెండు రోజుల పైన పడుతుంది. ఈలోపు కిందినుంచి ఏ కాస్త వేడిగాలి లేచినా బిందువును మళ్లీ పైకి నెట్టేస్తుంది. వందల టన్నుల నీళ్లు మోస్తున్న మేఘం మన నెత్తిన పడకుండా నిలబడటానికి కారణం ఇదే. మేఘం తేలుతోందని అంటాం గానీ, నిజానికి అది పడుతూనే ఉంది, చాలా నెమ్మదిగా. ఇంత చిన్న సైజుల్లో గాలి నియమం కూడా మారిపోతుంది. సైజు పదో వంతైతే పడే వేగం నూరో వంతవుతుంది. నగరాల గాలి గురించి వార్తల్లో వినే పీఎం 2.5 ధూళికణం ఇంకా చిన్నది. కదలని గాలిలో మనిషి ముక్కు ఎత్తునుంచి నేలకు చేరడానికి దానికి రెండు గంటల పైన పట్టొచ్చు. పొగమంచు రోజుల్లో మనం పీల్చేది ఆ ఆలస్యాన్నే.

దాదాపు పది లక్షల మేఘ బిందువులు కలిస్తే రెండు మిల్లీమీటర్ల చినుకు ఒకటి తయారవుతుంది. అప్పుడది నిజంగా పడటం మొదలుపెడుతుంది. 1949లో గన్, కింజర్ అనే ఇద్దరు అమెరికన్ శాస్త్రవేత్తలు చినుకుల వేగాలు జాగ్రత్తగా కొలిచారు. ఒక మిల్లీమీటరు చినుకుకు సెకనుకు 4 మీటర్లు, రెండు మిల్లీమీటర్లకు 6.5, మూడింటికి 8, ఐదుకు 9.1 మీటర్లు. గమనించారా? మొదట్లో గబగబా పెరిగిన వేగం చివర్లో దాదాపు ఆగిపోయింది. కారణం చినుకు ఆకారం. బొమ్మల్లో గీసే కన్నీటిబొట్టు ఆకారం ఏ చినుకుకూ ఉండదు. చిన్నవి చక్కగా గుండ్రంగా ఉంటాయి. పెద్దవాటిని కిందినుంచి గాలి ఒత్తుతుంది కాబట్టి అడుగు చదునై, పైభాగం గుండ్రంగా మిగులుతుంది. పెద్దదయ్యే కొద్దీ వెడల్పు పెరిగి తనకు తానే అడ్డం తెచ్చుకుంటుంది. ఇంకా పెద్దదైతే ముక్కలైపోతుంది.

ఎంత పెద్దదైతే? ఈ ప్రశ్నకు 1904లో ఇద్దరు జవాబు చెప్పారు. ఒకాయన జర్మనీకి చెందిన ఫిలిప్ లెనార్డ్, మరుసటి ఏడాదే నోబెల్ అందుకున్నాడు. ఆయన కిందినుంచి పైకి గాలి వీచే గొట్టం కట్టి అందులో చినుకుల్ని తేలించాడు. ఐదున్నర మిల్లీమీటర్లు దాటితే క్షణాల్లో చెదిరిపోతున్నాయని తేల్చాడు. రెండో ఆయన అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రపు రైతు విల్సన్ బెంట్లీ, మంచు రేకుల ఫొటోలతో పేరు తెచ్చుకున్నవాడు. ఆయన పరికరం పళ్లెంలో పోసిన మెత్తటి పిండి. వానలో పళ్లేన్ని కొద్ది సెకన్లు పట్టుకుంటే ఒక్కో చినుకుకు ఒక్కో పిండి ఉండ కడుతుంది. ఆరాక వాటిని ఏరి కొలిచాడు. సైజు తెలిసిన బొట్లను ముందే పిండిలో పడేసి, ఏ ఉండకు ఏ చినుకు సరిపోతుందో పట్టిక రాసుకున్నాడు. గోధుమపిండి, జల్లెడ ఉన్న ఏ ఇంట్లోనైనా తొలకరికి ఈ ప్రయోగం చేసుకోవచ్చు. ఆయనకు దొరికిన అతిపెద్ద చినుకు ఆరు మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉంది. గొట్టం కట్టిన ప్రొఫెసరూ పిండి పట్టిన రైతూ ఇంచుమించు ఒకే అంకె దగ్గర ఆగారు.

వాన చినుకుకు ఉన్న ఈ హద్దు వడగండ్లకు లేదు. మంచుగడ్డ గాలి ఒత్తిడికి చదునవదు, చెదరదు. చినుకు కంటే ఎంతో పెద్దదిగా పెరగొచ్చు. పైగా వడగల్లు వ్యాసం రెట్టింపైతే బరువు ఎనిమిది రెట్లు, అడ్డు విస్తీర్ణం నాలుగే రెట్లు అవుతాయి. ఫలితంగా వేగం నలభై శాతం పెరుగుతుంది, దెబ్బ పదహారు రెట్లవుతుంది. నిమ్మకాయంత వడగల్లు గంటకు 100 కిలోమీటర్ల వేగంతో దిగుతుంది. 1888 ఏప్రిల్ 30న ఉత్తరప్రదేశ్‌లోని మొరాదాబాద్ ప్రాంతంలో కురిసిన వడగండ్లకు 246 మంది చనిపోయారు. వడగండ్ల మరణాల్లో ప్రపంచ వాతావరణ సంస్థ గుర్తించిన రికార్డు ఇప్పటికీ అదే. మార్చి, ఏప్రిల్ నెలల్లో తెలంగాణలో మామిడి పిందెల్ని, కోతకొచ్చిన వరిని నేలకు కొట్టేది కూడా ఈ పదహారు రెట్ల లెక్కే.

సైజును బట్టి పతనం మారే తీరును అందరికంటే పదునుగా చెప్పినవాడు జీవశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్. 1926లో రాసిన ఒక చిన్న వ్యాసంలో ఆయన ఒక గని బావిని ఊహించమంటాడు, లోతు వెయ్యి గజాలు. అందులోకి చిట్టెలుకను వదిలితే, అడుగున నేల మెత్తగా ఉంటే, ఒక్క కుదుపు తిని లేచిపోతుంది. ఎలుక చస్తుంది. మనిషి ఎముకలు విరుగుతాయి. గుర్రం గతి చెప్పనక్కర్లేదు. లెక్క సులువే. జంతువు పొడవు, వెడల్పు, ఎత్తు అన్నీ పదో వంతుకు తగ్గించండి. బరువు వెయ్యో వంతవుతుంది, ఒంటి వైశాల్యం నూరో వంతే అవుతుంది. అంటే బరువుతో పోలిస్తే గాలి అడ్డు పదింతలు పెరిగింది. చీమ దాకా వెళితే గురుత్వాకర్షణ అసలు భయపడాల్సిన విషయమే కాదు. గోడ మీంచి పడినా మేడ మీంచి పడినా దానికి ఒకటే. అదే చీమను నీటిబొట్టు తడిపిందంటే ప్రాణం మీదికొస్తుంది. చిన్న ప్రాణికి ఒక శత్రువు తగ్గితే ఇంకో శత్రువు పెరుగుతుందని ఆయన చూపించాడు.

ఈ హాల్డేన్ మనకు పరాయివాడు కాదు. 1957లో ఇంగ్లండ్ వదిలి భారతదేశం వచ్చేశాడు. ఇక్కడి పౌరసత్వం తీసుకున్నాడు. 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో కన్నుమూశాడు. ఆయన కోరిక ప్రకారం పార్థివ దేహాన్ని కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి అప్పగించారు.

మనుషుల్లోకి వస్తే, విమానం నుంచి దూకి పొట్ట కిందికి పెట్టి చేతులు చాచుకున్న స్కైడైవర్ పన్నెండు సెకన్లు తిరిగేసరికి గంటకు 200 కిలోమీటర్ల దగ్గర స్థిరపడతాడు. తల కిందికి పెట్టి నిటారుగా దిగితే 250 దాటుతుంది. మనిషి అతనే, బరువు అదే, గాలికి చూపించే విస్తీర్ణం మారిందంతే. పారాషూట్ విప్పితే ఆ విస్తీర్ణం ఒక్కసారిగా పదుల రెట్లయి, వేగం గంటకు ఇరవై కిలోమీటర్లకు పడిపోతుంది.

గాలి పల్చనైతే ఏమవుతుందో ఫెలిక్స్ బామ్‌గార్ట్‌నర్ చూపించాడు. 2012 అక్టోబరు 14న ఈ ఆస్ట్రియన్ హీలియం బెలూన్‌లో 39 కిలోమీటర్ల ఎత్తుకెళ్లి దూకాడు. అక్కడి గాలి సాంద్రత నేల మీది దానిలో నూటికి ఒక వంతు కూడా ఉండదు. అడ్డేది లేక నిమిషం తిరగకుండానే గంటకు 1,357 కిలోమీటర్లు అందుకున్నాడు, ధ్వని వేగాన్ని దాటాడు. తర్వాత జరిగింది ఇంకా తమాషా. కిందికి వచ్చేకొద్దీ గాలి చిక్కబడింది, అతని వేగం తగ్గుతూ వచ్చింది. పారాషూట్ తెరవకముందే, ఊరికే పడుతూనే, ధ్వని వేగం నుంచి మామూలు స్కైడైవర్ వేగానికి దిగొచ్చాడు. పడేకొద్దీ వేగం పెరుగుతుందన్న మన నమ్మకానికి ఇంతకంటే మంచి సవరణ లేదు.

గాలి అసలే లేని చోటు చంద్రుడు. 1971 ఆగస్టు 2న అపోలో 15 వ్యోమగామి డేవిడ్ స్కాట్ ఒక చేత సుత్తి, ఒక చేత డేగ ఈక పట్టుకుని టీవీ కెమెరా ముందు వదిలాడు. సుత్తి కిలో పైన, ఈక 30 గ్రాములు. రెండూ కలిసి దుమ్మును తాకాయి. చూడముచ్చటైన దృశ్యమే, కాని చంద్రుడి మీద దిగాల్సిన ఇంజినీర్లకు అది తలనొప్పి. పారాషూట్ అక్కడ ఉత్త గుడ్డ. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 విక్రమ్ ల్యాండర్ సెకనుకు సుమారు 1.7 కిలోమీటర్ల వేగాన్ని దాదాపు సున్నాకు తెచ్చుకోవడానికి పందొమ్మిది నిమిషాల పాటు ఇంజిన్ల మీదే ఆధారపడాల్సి వచ్చింది. ఇంధనం మోసుకెళ్లాలి, అది మండించాలి, లెక్క తప్పితే 2019లో చంద్రుడి మీద కూలిన తొలి విక్రమ్ కథే. భూమి మీద ఈ పని గాలి ఉచితంగా చేసిపెడుతుంది.

మన వ్యోమగాముల్ని అంతరిక్షంలోకి పంపే గగన్‌యాన్ ఆ ఉచిత సేవ మీద ఆధారపడ్డదే. కక్ష్య నుంచి తిరిగొచ్చే క్యాప్సూల్ వేగంలో అత్యధిక భాగాన్ని పైవాతావరణమే వేడిగా మార్చి తీసేస్తుంది. మిగిలింది పారాషూట్ల వంతు. అవి మొత్తం పది. మొదట రెండు చిన్నవి పైమూత ఊడదీస్తాయి, తర్వాత రెండు డ్రోగ్ పారాషూట్లు వేగం కొంత తగ్గిస్తాయి, ఇంకో మూడు చిన్నవి ప్రధానమైన మూడింటినీ బయటికి లాగుతాయి. నేరుగా పెద్దవే ఎందుకు తెరవరంటే మళ్లీ ఆ వేగం వర్గం లెక్కే. నాలుగింతల వేగంలో తెరిస్తే గుడ్డ మీద పదహారింతల బలం పడి పీలికలవుతుంది. 2023 అక్టోబరు 21న శ్రీహరికోట నుంచి ఎగిరిన పరీక్షా వాహనం నుంచి విడివడిన మాడ్యూల్ ఇలాగే బంగాళాఖాతంలో దిగింది. 2025 ఆగస్టు 24న అక్కడే చినూక్ హెలికాప్టర్ దాదాపు ఐదు టన్నుల నమూనా మాడ్యూల్‌ను మూడు కిలోమీటర్ల ఎత్తునుంచి జారవిడిచింది, అదీ క్షేమంగా సముద్రంలో దిగింది. ప్రధాన పారాషూట్ ఒక్కొక్కటి 25 మీటర్ల వ్యాసం. మూడింటిలో రెండు తెరుచుకున్నా చాలు, లోపలివాళ్లు క్షేమంగా దిగుతారు. మూడోది ముందుజాగ్రత్త.